నేవీ ఉద్యోగం: మీ తమ్ముడికీ, మీ అమ్మగారికీ నేను చెప్పే మాటలు

తమ్ముడు ఎంపీసీతో ఇంటర్ పాసయ్యాడు, నేవీ అగ్నివీర్‌కి అప్లై చేస్తానని పట్టుబడుతున్నాడు, అమ్మ వద్దంటోంది, ఏం చేయమంటారని అడిగారు. నేను ఇంజన్ రూమ్ బ్రాంచిలో సెయిలర్‌గా చేరి, చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం విశాఖలోనే, ఈస్టర్న్ ఫ్లీట్ ఓడల మీద గడిచింది. ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేవీ మంచి ఉద్యోగమే. కాకపోతే అందులోని కష్టం ఓడ మీద ఉన్నవాడి కంటే ఇంట్లో ఉన్నవాళ్లకే ఎక్కువ. కాబట్టి మీ అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి.

సెయిలింగ్‌కి వెళ్లేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పుడొస్తామో ఇంట్లో చెప్పకూడదు. హార్బర్ పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి కాస్త దూరం పోయాక ఫోన్లో సిగ్నల్ ఉండదు. ఆ తర్వాత పిల్లాడికి జ్వరమొచ్చినా, నాన్నకి బాగోకపోయినా ఇంట్లోవాళ్లే చూసుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడిన రోజు మా ఓడ సముద్రంలోనే ఉంది. పెద్ద తుఫాను వస్తోందంటే యుద్ధనౌకల్ని హార్బర్‌లో కట్టి ఉంచడం ప్రమాదం, గాలికి జెట్టీకే కొట్టుకుని దెబ్బతింటాయి. అందుకే దూరంగా సముద్రంలోకి తీసుకుపోతారు. అంటే ఊరు తుఫానులో ఉన్నరోజే మేము ఇంట్లో ఉండం. నా భార్య, పిల్లలు క్వార్టర్స్‌లో ఉన్నారు. కిటికీ అద్దాలు పగిలిపోతుంటే పరుపు అడ్డం నిలబెట్టి, పిల్లల్ని బాత్‌రూమ్‌లో కూర్చోబెట్టి లోపల గడియ పెట్టుకుందట. తర్వాత కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. వాళ్లు క్షేమంగా ఉన్నారన్న కబురు నాకు అందేసరికి రోజులు గడిచాయి. ఆ టెన్షన్‌లోనూ వాచ్, అంటే వంతులవారీ డ్యూటీ, ఆగదు. ఎదురు క్వార్టర్‌లోని కేరళ ఆవిడ, పైన ఉండే హర్యానా ఆవిడ, మా ఆవిడ కలిసి ఉన్న బియ్యం, పప్పు ఒకచోట చేర్చి ఒకే స్టవ్ మీద వండుకున్నారు. ఒకరి భాష ఇంకొకరికి సరిగ్గా రాదు. ఇప్పటికీ ఏ పండగొచ్చినా ఆ ముగ్గురూ ఫోన్ చేసుకుంటారు. నేవీ మాకిచ్చిన వాటిలో నేను అన్నిటికంటే ముందు చెప్పుకునేది ఇలాంటి మనుషుల్నే.

ఓడ మీద జీవితం అలవాటవుతుంది. పడుకునే బంకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, మంచినీళ్లు పొదుపుగా వాడాలి, సముద్రం బాగోకపోతే మొదట్లో వాంతులు తప్పవు. ఇంజన్ రూమ్‌లో వేడికి ఒంటి మీది ఓవరాల్ డ్రెస్సు తడిసి ముద్దవుతుంది. నాలుగు గంటల వాచ్, ఎనిమిది గంటలు విరామం అంటారు గానీ, ఆ విరామంలోనే రిపేర్లు, డ్రిల్లులు, క్లీనింగ్ అన్నీ ఉంటాయి. అయినా ఆ పని నాకు ప్రాణం. పంపు బేరింగ్ మీద చేతివెనక ఆనించి వేడి ఎంత పెరిగిందో చెప్పడం నాకు ఒక సీనియర్ చీఫ్ నేర్పారు. ముందు గేజీ చూడనిచ్చేవారు కాదు. చెయ్యి పెట్టు, చెప్పు, తర్వాత చూడు, అనేవారు. కొన్నేళ్లకి జనరేటర్ శబ్దం కాస్త మారితే చాలు, నిద్రలో ఉన్నా మెలకువ వచ్చేసేది. నడిసముద్రంలో మెకానిక్‌ని పిలవడానికి ఎవరూ ఉండరు. మనం బాగుచేస్తేనే ఓడ నడుస్తుంది. ఆ బాధ్యత ఇరవై ఏళ్ల కుర్రాడి చేతిలో పెట్టే చోట్లు చాలా తక్కువ.

ఇక జీతం, సదుపాయాల సంగతి. మా అమ్మకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ ఇక్కడి నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణిలో పైసా ఖర్చు లేకుండా జరిగింది. క్యాంటీన్, క్వార్టర్, పిల్లలకి కేంద్రీయ విద్యాలయం అన్నీ ఉన్నాయి. బదిలీలకి మాత్రం పిల్లలే నలిగిపోతారు. మా పెద్దవాడు స్నేహితులు కుదిరేసరికి స్కూలు మారాల్సి వచ్చేది. దానికి ఏ అలవెన్సూ సరిపోదు. మా రోజుల్లో 15 ఏళ్లు పూర్తయితే పెన్షన్ వచ్చేది. నేను ఇంకొన్నేళ్లు పొడిగించుకుని బయటికొచ్చాను, చేతిలో పని ఉంది కాబట్టి ఇంకో ఉద్యోగం దొరికింది.

మీ తమ్ముడి లెక్క వేరు, ఇది మీరు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. 2022లో అగ్నివీరుల్ని తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక సెయిలర్‌గా చేరేవాళ్లకి సర్వీసు 4 ఏళ్లే. ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకే రెగ్యులర్‌గా తీసుకుంటారు. మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాది 40,000. అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. బయటికొచ్చేటప్పుడు వడ్డీతో సుమారు 11.71 లక్షలు చేతికొస్తాయి. 48 లక్షల బీమా ఉంటుంది. పెన్షన్, గ్రాట్యుటీ లేవు. నాలుగేళ్లకే బయటికొచ్చేవాళ్లకి మాజీ సైనికుడి హోదా, ఆ వైద్య సదుపాయం కూడా ఉండవు. నేను అనుభవించినవన్నీ వాడికీ వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయినా వాడికి మెషీన్లంటే ఇష్టం ఉంటే వెళ్లనివ్వమనే అంటాను. బీచ్ రోడ్డులో నేవీ డే విన్యాసాలు చూసి, తెల్ల యూనిఫాం మీద మోజుతో అంటున్నాడా, పని మీద ఇష్టంతో అంటున్నాడా అన్నది మీరే కనుక్కోవాలి. యూనిఫాం కోసమైతే నాలుగేళ్లు వృథా అవుతాయి. పని కోసమైతే ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నది ఎక్కడైనా అన్నం పెడుతుంది. దూరవిద్యలో డిగ్రీ కూడా అప్పుడే మొదలుపెట్టమనండి, తర్వాత చూద్దాంలే అనుకుంటే కుదరదు.

ఇప్పటినుంచే 1.6 కిలోమీటర్లు 6 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తేలా సాధన చేయించండి. ఈత, హిందీ కూడా కాస్త నేర్పించండి. ట్రైనింగ్ ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో ఉంటుంది, అక్కడ మన పిల్లలు మొదట ఇబ్బంది పడేది హిందీ దగ్గరే. ట్రైనింగ్ పూర్తయ్యాక జరిగే పాసింగ్ అవుట్ పరేడ్‌కి కుటుంబాన్ని పిలుస్తారు. బాలుగావ్ స్టేషన్‌లో దిగాలి, విశాఖ నుంచి భువనేశ్వర్ వెళ్లే దారిలోనే ఉంటుంది. అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లండి.