కాలేజీల్లో మాస్కు నిబంధన అన్నిసార్లు ఎందుకు మారింది?

కొవిడ్ కాలంలో హైదరాబాద్ కాలేజీలు మాస్కు విషయంలో పూటకో మాట చెప్పాయన్న ఫిర్యాదులో కొంత నిజముంది గానీ, ఆ మాటల్లో చాలావరకు కాలేజీలు సొంతంగా చెప్పినవి కావు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రభుత్వాలు ఇచ్చిన ఉత్తర్వులే వాటికి ఆధారం. బహిరంగ ప్రదేశాల్లో మాస్కు లేనివారికి తెలంగాణ ప్రభుత్వం 2020 మేలోనే రూ.1,000 జరిమానా విధించింది. 2022 మార్చి 31తో ఆ చట్టం కింద కేంద్రం పెట్టిన ఆంక్షలు ముగిసినా, మాస్కు ధరించాలన్న ఆరోగ్యశాఖ సలహా కొనసాగింది. ఆదేశం సలహాగా మారినప్పుడు దాన్ని ఎంత గట్టిగా అమలు చేయాలన్నది యాజమాన్యాల విచక్షణకే మిగులుతుంది కనుక, పక్కపక్క కాలేజీల్లోనే వేర్వేరు నియమాలు ఉండడంలో వింత లేదు.

వైరస్ గురించిన అవగాహనా మారుతూ వచ్చింది. ఆరోగ్యవంతులందరికీ మాస్కు అక్కర్లేదని మొదట్లో చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020 జూన్‌లో, దూరం పాటించడం కష్టమైన చోట గుడ్డ మాస్కు వాడాలని సూచించింది. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనంలో, కొవిడ్ రోగులున్న ఆసుపత్రి గదుల గాలిలోనూ వైరస్ ఆనవాళ్లు కనిపించాయి. అందువల్ల కిటికీలు మూసి ఏసీ వేసిన కంప్యూటర్ ల్యాబ్‌కూ, ఆరుబయట మైదానానికీ ఒకే నియమం పెట్టడం (చాలాచోట్ల అదే జరిగింది) నా దృష్టిలో అమలుకు సులువే తప్ప, శాస్త్రానికి అంతగా పొసగనిది.