మూడు రోజులు ఒంటరిగా కూర్చోకు

బుజ్జీ,

నిన్న ఫోనులో నీ గొంతు వినగానే దిగులు వేసింది. నీ ప్రోగ్రామ్‌లో ఒక్క బగ్ (తప్పు) దగ్గర మూడు రోజులుగా ఆగిపోయావు, పక్క కుర్చీలో ఉన్న సీనియర్‌ను కూడా అడగలేదు. "ఇది కూడా తెలియదా అనుకుంటారేమో పిన్నీ" అన్నావు. ఆ భయం నేనూ పడ్డాను కనుక కూర్చుని రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పింఛన్ల జాబితా తయారుచేసే ప్రోగ్రామ్ నా చేతికి వచ్చింది. పేర్లన్నీ తెలుగులోనే. ముద్రించి చూస్తే కొన్ని పేర్ల చివర చిన్న డబ్బా గుర్తు, మరికొన్నింట్లో ఆఖరి గుణింతం మాయం. లక్ష్మి కాస్తా లక్ష్మ అయింది. ఫాంటు తప్పనుకుని మార్చాను, ప్రింటర్‌ను అనుమానించాను. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజు పేర్లు టైపు చేసే ఆవిడ తనంతట తానే వచ్చి, "మేడమ్, పొడుగు పేర్లకే ఇలా అవుతోంది, ఒత్తులుంటే ఇంకా తొందరగా తెగుతోంది" అంది.

ఆ ఒక్క మాటతో దారి దొరికింది. మేం పేరుకు 60 బైట్ల చోటు ఇచ్చాం (బైటు అంటే కంప్యూటర్‌లో చోటును కొలిచే చిన్న కొలత). ఇంగ్లీషులో అయితే 60 అక్షరాలు పడతాయి. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుంది. కంటికి రెండక్షరాలుగా కనిపించే 'లక్ష్మి'లో ఏడు గుర్తులున్నాయి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. అంటే 21 బైట్లు. ఇంటిపేరుతో కలిపి వెంకట సుబ్బలక్ష్మి అని రాస్తే 60 దాటిపోయేది, ప్రోగ్రామ్ అక్కడికక్కడే కోసేసేది. ఆవిడకు బైటు అంటే తెలియదు. కానీ రోజుకు వందల పేర్లు చూసే కన్ను ఆవిడది. నేను కోడ్ మాత్రమే చూశాను.

అందుకే చెబుతున్నాను, రెండు గంటలు ప్రయత్నించు, కదలకపోతే అడుగు. ఊరికే "పని చేయడం లేదు" అనకు. ఏం జరగాలనుకున్నావు, ఏం జరిగింది, ఇప్పటికి ఏమేం ప్రయత్నించావు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్ళు. సగంసార్లు రాస్తూండగానే జవాబు తడుతుంది. తట్టకపోయినా, వినేవాళ్ళ సమయం వృథా కాదు.

కోడ్ రివ్యూలో, అంటే తోటివాళ్ళు నీ కోడ్ పరిశీలించేటప్పుడు, ఎవరైనా తప్పు చూపితే నొచ్చుకోకు. వాళ్ళు తప్పంటున్నది ఆ కోడ్ వరుసను, నిన్ను కాదు. నువ్వు ఇతరుల కోడ్ చూసేటప్పుడూ "ఇలా ఎందుకు రాశారు" అని అడిగే ముందు, "ఇక్కడ పేరు ఖాళీగా వస్తే ఏమవుతుంది" అని అడుగు. మొదటి ప్రశ్న మనిషికి తగులుతుంది, రెండోది పనికి.

కృత్రిమ మేధ సాధనాలు వాడుతున్నానన్నావు. వాడు, మంచిదే. అయితే అది ఇచ్చిన ప్రతి వరుసనూ పక్కవాళ్ళకు నోటితో వివరించగలిగితేనే కోడ్‌లో పెట్టు. అది తప్పును కూడా ఎంతో ధీమాగా చెబుతుంది.

ఇంకొకటి. ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి ఇచ్చే నీ టెస్ట్ డేటాలో మన తెలుగు పేర్లు పెట్టు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లో కంటికి కనబడని ఒక గుర్తు కలిసిన సందేశం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే యాపిల్ ఐఫోన్ల సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అంత పెద్ద సంస్థకే అలా జరిగింది. జ్ఞానేశ్వరి, లక్ష్మి, శైలజ, ఈ మూడు పేర్లూ నీ ఫారంలో నిక్షేపంగా నిలబడాలి. 'శై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే పద్ధతిలో) రెండు రకాలుగా రాయవచ్చు, వెతికితే ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు. అదెలా సరిచేయాలో నీ టెస్టర్‌తో కూర్చుని చూడు.

సోమవారం పొద్దున్నే ఆ సీనియర్ దగ్గరికి వెళ్ళు. ఏమన్నారో సాయంత్రం ఫోను చేసి చెప్పు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
పిన్ని