హన్మకొండ డాబా మీది నుంచి క్వాసార్ కనిపిస్తదా?
తమ్ముడూ, 8 అంగుళాల టెలిస్కోప్‌తో రెండు రాత్రులు వెతికినా 3సీ 273 అనే క్వాసార్ (చాలా దూరపు గెలాక్సీ నడుమ, భారీ కృష్ణబిలం చుట్టూ వేడెక్కిన పదార్థం వల్ల ధగధగ మెరిసే కేంద్రం) దొరకలేదన్నావు. టెన్షన్ వద్దు, బహుశా చూసే ఉంటావు. నువ్వు మసక మచ్చ కోసం వెతికావు, అది అచ్చం చుక్కలాగే ఉంటుంది. 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ ష్మిట్ దాని వర్ణపటం (రంగులుగా విడగొట్టిన వెలుగు) చదివేదాకా అదేంటో శాస్త్రవేత్తలకే అంతుపట్టలేదు!

కన్యా రాశిలో ఈటా నక్షత్రానికి ఈశాన్యంగా మూడున్నర డిగ్రీల దూరంలో, చార్టు దగ్గర పెట్టుకుని ఒక్కో చుక్కా పోల్చు. ప్రకాశం దాదాపు 12.9 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకగా కనిపిస్తుంది). మనకు కనిపించే క్వాసార్లలో ఇదే అత్యంత కాంతివంతం. వీధిలైట్ల మధ్య కష్టం, ఏప్రిల్‌లో అమావాస్య దగ్గర ధర్మసాగర్ వైపు వెళ్లు. ఆ వెలుగు బయలుదేరి సుమారు 200 కోట్ల ఏళ్లయింది. దొరికాక తప్పకుండా చెప్పు.