వీధి చూడ్డానికి ఎలా ఉందో లెక్కల్లో చెప్పగలమా?

"నగర వీధులు జనం కంటికి ఎలా కనిపిస్తాయో గణాంక పద్ధతులతో తేల్చగలమా? ప్లానింగ్ చదువుతున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. తేల్చగలం. పీజీలో నా థీసిస్ ఇలాంటిదే. పాతబస్తీలో మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా ఉన్న పత్తర్‌గట్టి వీధి మీద చేశాను. అక్కడ పనికొచ్చిన విషయాలు చెబుతాను.

ఫొటో చూపించి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయమనడం చాలామంది చేసే పని. దయచేసి అది వద్దు. మనవాళ్లు మొహమాటానికి మూడో నాలుగో వేసేస్తారు. ఒకరు వేసే నాలుగు, ఇంకొకరు వేసే మూడు ఒకటే కావచ్చు కూడా. దాని బదులు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి "ఈ రెండిట్లో మీకు ఎక్కడ నడవాలనిపిస్తుంది?" అని అడగండి. చదువు రానివాళ్లు కూడా వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. ఇలాంటి జంట పోలికల నుంచి కొలమానం తయారుచేయవచ్చని మనస్తత్వ శాస్త్రవేత్త థర్‌స్టన్ 1927లోనే చూపించాడు. 1952లో బ్రాడ్లీ, టెర్రీ అనే గణాంక శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన మోడల్ ఒక్కో ఫొటోకి ఒక్కో బలాన్ని, అంటే పోలికల్లో గెలిచే సత్తాను, అంచనా వేస్తుంది. ఎంఐటీవాళ్ల ప్లేస్ పల్స్ అనే ఆన్‌లైన్ సర్వే కూడా జంట పోలికలతోనే నడిచింది. 56 నగరాల వీధుల ఫొటోల మీద వాళ్లు 11 లక్షలకు పైగా పోలికలు సేకరించారు.

మీకు అంత అక్కర్లేదు. 30 ఫొటోలు తీసుకుంటే 435 జతలు అవుతాయి. అన్నీ ఒక్కరికే చూపించాల్సిన పని లేదు, మనిషికి ఇరవై చాలు. ఏ ఫొటో ఎడమవైపు రావాలో, ఏది కుడివైపు రావాలో మాత్రం కంప్యూటర్‌కే వదిలేయండి.

ఫొటోలు మీరే తీసుకోండి. గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022 నుంచి మన నగరాల్లో ఉన్నా, అది కారు పైకప్పు మీది కెమెరా. ఫుట్‌పాత్ మీద నడిచే మనిషి కన్ను ఉండేది ఆ ఎత్తులో కాదు, రోడ్డు మధ్యలోనూ కాదు.

తర్వాత ఫొటోలో ఏముందో కొలవాలి. ఆకాశం ఎంత, చెట్లు ఎంత, గోడలు ఎంత అని విడదీసే రెడీమేడ్ కంప్యూటర్ మోడల్స్ దొరుకుతాయి. వాటిలో చాలావాటికి శిక్షణ సిటీస్కేప్స్ అనే వీధి ఫొటోల డేటాతో జరిగింది. అవి ఎక్కువగా జర్మనీ వీధులు. అందులో ఆటో అనే తరగతే (వస్తువు రకమే) లేదు! ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ భాగస్వామ్యంతో వచ్చిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు రోడ్లవి 10,000 ఫొటోలు, 34 తరగతులు ఉన్నాయి. ఆటో వేరుగా ఉంటుంది, హోర్డింగ్ వేరుగా ఉంటుంది. మన వీధికి అదే సరైనది. ఇంకో జాగ్రత్త: ఈ శాతాలన్నీ కలిపితే వందే కాబట్టి, ఆకాశం పెరిగితే ఇంకేదో తగ్గాల్సిందే. అందుకని అన్నిటినీ అలాగే రిగ్రెషన్‌లో (దేని ప్రభావం ఎంతో అంచనా వేసే లెక్కలో) పడేయకూడదు. ఒకదానితో ఒకటి నిష్పత్తులుగా మార్చి, లాగరిథమ్ తీసి వాడాలి.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. పత్తర్‌గట్టి రాతి కమానులు నిజాం కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించినవి. ఒకే కమాను వరుసకి రెండు ఫొటోలు పెట్టాను. ఒకటి పొద్దున్నే తీసింది. షట్టర్లు మూసి ఉన్నాయి, రాయి మొత్తం కనిపిస్తోంది. రెండోది సాయంత్రానిది. బోర్డులు, వేలాడే బట్టలు, ముందు తోపుడు బళ్లు, జనం. ఆర్కిటెక్చర్ విద్యార్థులు దాదాపు అందరూ మొదటిది ఎంచుకున్నారు. బజారుకి వచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమంది రెండోది చూపించారు. "ఎవ్వరూ లేని చోట నాకేం పని బాబూ, భయం కూడా" అంది ఒకావిడ. అందరినీ కలిపి లెక్కేస్తే రెండు ఫొటోల బలమూ ఇంచుమించు ఒకటే వచ్చింది. అక్కడే ఆగిపోతే "తేడా లేదు" అని రాసుకునేవాణ్ని. మోడల్‌లో గుంపుకీ ఫొటోకీ మధ్య ఇంటరాక్షన్ పెట్టాక, అంటే ఒక్కో గుంపుకి ఫొటో బలం వేరుగా ఉండనిచ్చాక, అసలు సంగతి బయటపడింది: రెండు గుంపుల ఇష్టాలూ ఒకదానికొకటి ఎదురు.

నా దృష్టిలో ఈ పనికి ప్రాణం అదే. సగటు తీయడం సులువు, కానీ ఏ గుంపునుంచి ఎక్కువమందిని అడిగామో దాన్నిబట్టే సగటు మారిపోతుంది. అలాంటి సగటు పట్టుకుని "జనానికి ఖాళీ వీధే ఇష్టం" అని రిపోర్టు రాస్తే, తోపుడు బండివాడి పొట్ట కొట్టినట్టే. కాబట్టి ఎవరు జవాబిచ్చారో తప్పకుండా రాసుకోండి: వయసు, ఆడా మగా, ఆ వీధికి దేనికి వచ్చారు. ఒకే మనిషి ఇచ్చిన ఇరవై జవాబులు ఇరవైమంది జవాబులు కావు కాబట్టి, మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్ వాడి ప్రతి మనిషి తేడానీ లెక్కలోకి తీసుకోండి.

ఫొటోలో రాని సంగతులూ ఉంటాయి: అత్తరు వాసన, హారన్ మోత, ఎండ. వీలైతే కొందరిని వీధిలోనే నిలబెట్టి ఇవే ప్రశ్నలు అడగండి. ఫొటో జవాబులకీ అక్కడి జవాబులకీ ఎక్కడ పొంతన కుదరలేదో థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాయండి. నా వైవాలో ఎక్కువ ప్రశ్నలు వచ్చింది దాని మీదే.