బుజ్జిగాడి రొంప గురించి

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లికి మేనత్త ఆశీస్సులు.

ఆదివారం విజయవాడలో మీ ఇంటి నుంచి బయల్దేరి గుంటూరు బస్సెక్కిన దగ్గర్నుంచీ బుజ్జిగాడే కళ్లల్లో మెదులుతున్నాడు. నీ వంటింటి గట్టు మీద వరసగా ఏడు సీసాలున్నాయి తల్లీ, నేను లెక్కపెట్టాను. పాలల్లో కలిపే పొడి ఒకటి, చప్పరించే బిళ్లలు ఒకటి, చ్యవన్‌ప్రాశ్ ఒకటి, మిగతావేంటో నాక్కూడా తెలియలేదు. "వీడికి ఇమ్యూనిటీ లేదంటున్నారత్తా, నెలకోసారి రొంప" అని నువ్వు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆ పూట నోరు పెగల్లేదు. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ భయం సంగతి. ఐదారేళ్ల పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. బళ్లో వేసిన కొత్తలో ఇంకా ఎక్కువ. రొంప తెచ్చే వైరస్‌లు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. కొత్తది తగిలినప్పుడల్లా ఒళ్లు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ముప్పై రెండేళ్లు పిల్లల వార్డులో చేశాను, మేం కంగారుపడే గుర్తులు వేరే. ఏడాదిలో రెండుసార్లు నిమోనియా రావడం, బరువు పెరక్కపోవడం, చెవిలో చీము మాటిమాటికీ కారడం చూస్తే పరీక్షలు చేయించాలనేవాళ్లం. డొక్కలెగరేస్తున్నా, నీళ్లు కూడా తాగకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మనవాడికి వీటిలో ఒక్కటీ లేదు.

నన్ను కలవరపెట్టింది వాడి రాత్రి. పదకొండున్నరకి సోఫాలో చారెడేసి కళ్లతో ఫోను చూస్తున్నాడు. బుగ్గన ముద్ద అలాగే ఉంది. నువ్వు గిన్నె పట్టుకుని "మింగు నాన్నా, మింగు" అంటూ బతిమాలుతున్నావు. పొద్దున ఆరున్నరకి వాణ్ని ఎత్తి కూర్చోబెడితే తల మళ్లీ నీ భుజం మీదకి వాలిపోయింది. అంటే ఏడు గంటల నిద్ర. ఐదున్నరేళ్ల వాడికి పది గంటలన్నా కావాలి. నిద్ర చాలని వాళ్లకి జలుబు తొందరగా పట్టుకుంటుంది, వేసిన టీకా కూడా ఒంట్లో అంత బలంగా పనిచేయదు. ఏడు సీసాలూ కలిపి పోసినా ఆ మూడు గంటల లోటు పూడదు.

నాన్న వచ్చేదాకా మేలుకుంటానని మారాం చేస్తాడని తెలుసు. అబ్బాయి వన్‌టౌన్‌లో కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి పదిన్నర. ఆ సమయాన్ని పొద్దుటికి మార్చండి. వాడికి స్నానం చేయించడం, బూట్లు తొడగడం, వ్యాను దాకా దింపడం నాన్న పనులు. అబ్బాయికి ఈ మాట నేను చెప్పానని చెప్పు. ఒక్కరోజులో పదకొండున్నర నుంచి ఎనిమిదిన్నరకి దించలేవు. మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకి జరుపుకుంటూ రా, నెలా వారంలో దారికొస్తాడు. ఏడున్నరకల్లా అన్నం పెట్టెయ్. ఫోను వేరే గదిలో పెట్టు, నీదీ కూడా. లైటు తగ్గించి పక్కన పడుకుని కథ చెప్పు. మొదటి వారం ఏడుస్తాడు, నువ్వూ ఏడుస్తావు, మెత్తబడకు.

తిండి విషయానికొస్తే, పటమట రైతు బజారు నీకు దగ్గరే కదా. ఆ పొడి డబ్బా డబ్బులతో వారం కూరగాయలొస్తాయి. ఇది జామకాయల కాలం. ఒక్క దోరజామకాయలో నారింజలో ఉన్నదానికంటే మూడు నాలుగు రెట్లు సి విటమిన్ ఉంటుంది. ముక్కలు కోసి కాస్త ఉప్పు చల్లి ఇస్తే ఆడుకుంటూ తినేస్తాడు. సి విటమిన్ రొంపని రాకుండా ఆపుతుందని మాత్రం అనుకోకు. రోజూ అందుతుంటే వచ్చింది కొంచెం త్వరగా తగ్గొచ్చు, అంతే. కంది పప్పులో గుప్పెడు మునగాకు వేసి వండు, దించాక నిమ్మకాయ పిండు. పులుపు తోడైతే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఉడికేటప్పుడు పిండితే సి విటమిన్ కొంత పోతుంది. పొద్దున వాడికి బిస్కెట్లతో టీ ఇస్తున్నావు చూడు, అది మానెయ్. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రోజూ ఓ గుడ్డు, పెరుగన్నం, నువ్వుల ఉండ ఉంటే చాలు. జ్వరమొచ్చినప్పుడు "లంఖణం పరమౌషధం" అని మీ అత్తగారు అంటే గొడవ పడకు, కానీ పిల్లాణ్ని మాడ్చకు. జావ, చారన్నం, కొబ్బరినీళ్లు కొంచెం కొంచెంగా పట్టు.

మన ఊళ్లలో ఎండకి కరువు లేదు, అయినా అపార్ట్‌మెంటు పిల్లలకి డి విటమిన్ చాలడం లేదు. ఈ చలికాలం సెలవు రోజుల్లో పది, పదకొండు మధ్య మేడ మీద ఆడనివ్వు. రోహిణీ కార్తెలో ఈ మాట పట్టుకోకు.

కషాయం గురించి అడిగావు. 2020లో మీ మావయ్య మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క మరగబెట్టి రోజుకి నాలుగు గ్లాసులు తాగారు. రెండు నెలలకి కడుపులో మంటతో అర్ధరాత్రి లేచి కూర్చునేవారు. మానేశాక గానీ తగ్గలేదు. 2021లో ముంబై డాక్టర్లు, కషాయాల్లో వేసే తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సంగతి వైద్యపత్రికలో రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదనుకో. అయినా తేల్చుకోవడానికి మన పిల్లాడే దొరికాడా? దగ్గున్నప్పుడు పడుకోబోయే ముందు చెంచాడు తేనె ఇవ్వు, గొంతుకి హాయిగా ఉంటుంది. ఏడాది నిండని పిల్లలకి మాత్రం తేనె నాకించకూడదు. మీ చెల్లికి నెలలు నిండుతున్నాయి కాబట్టి ఇది తనకీ చెప్పు. కాన్పు అవగానే వచ్చే పసుపచ్చటి ముర్రుపాలు పారబోయనివ్వద్దని కూడా చెప్పు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ ముసలమ్మ కూతురి పాలు దూదిలోకి పిండి కిటికీలోంచి విసిరేస్తుంటే చేయి పట్టుకుని ఆపాను. బిడ్డకి తల్లి ఇచ్చే మొదటి రక్షణ ఆ నాలుగు చుక్కల్లోనే ఉంది.

నీ ఫ్రిజ్ తలుపులో సగం మిగిలిన యాంటీబయోటిక్ సీసా చూశాను. కిందటిసారి మిగిలిందే ఈసారీ పట్టావట. అవి బాక్టీరియాకి పనిచేస్తాయి, రొంప వైరస్‌కి చేయవు. పైగా పేగుల్లో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి. ఈ పూటే పారెయ్. ఇంట్లో దోమల చుట్ట కూడా ముట్టించకు, ఆ పొగ వాడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తెర కట్టు. బడి నుంచి రాగానే సబ్బుతో మోచేతుల దాకా కడిగించు.

నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇస్తారు, ఆ రోజులు మానిపించకు. పురుగులుంటే తిన్నది ఒంటికి పట్టదు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా ఐదు నుంచి ఆరేళ్ల లోపు వేయాల్సిన డీపీటీ బూస్టరు వాడికి వేయించినట్టు నువ్వు ఎక్కడా అనలేదు. టీకాల కార్డు వెతికి తీసిపెట్టు. శనివారం పొద్దున్న మునగాకు పొడి పట్టుకుని వస్తాను, బాకీ ఉంటే ఇద్దరం వాణ్ని తీసుకెళ్లి వేయిద్దాం.

నీ మేనత్త