ప్రశ్న–జవాబు: కణంలో డీఎన్ఏ నకలు

ప్రశ్న: మనిషి కణంలో 600 కోట్లకు పైగా అక్షర జతలు (రెండు పోచల్లో ఎదురెదురుగా ఉండే రసాయన అక్షరాలు) ఉన్న డీఎన్ఏకి కొన్ని గంటల్లోనే నకలు ఎలా తయారవుతుంది? అందులో ఒక పోచ ముక్కలుగా తయారవుతుందంటారు, ఎందుకు?

జవాబు: వేగం చూస్తే మన కణాలది నత్తనడకే. ఒక్కో చోట ఒక్కో వైపు నిమిషానికి సుమారు 2,000 జతలు మాత్రమే పూర్తవుతాయి. 1వ క్రోమోజోమ్‌లో దాదాపు 25 కోట్ల జతలున్నాయి. నడుమ ఒక్కచోటే మొదలై రెండు వైపులా సాగితే దానికొక్కదానికే 40 రోజులు దాటిపోతుంది. అందుకే కణం వేలాది చోట్ల, విడతలు విడతలుగా పని మొదలుపెట్టి సుమారు 8 గంటల్లో ముగిస్తుంది. ఎక్కడెక్కడ మొదలుపెట్టాలో ముందే ఎమ్‌సీఎమ్ అనే ప్రోటీన్ వలయాలు ఎక్కి కూర్చుంటాయి. పని మొదలయ్యాక కొత్తవి ఎక్కనివ్వదు కణం. లేకపోతే ఒకే భాగానికి రెండు నకళ్లు పడతాయి.

ఇక ముక్కల సంగతి. రెండు పోచలూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి. కొత్త పోచను తయారుచేసే ఎంజైము పాలిమరేజ్ మాత్రం కొత్త అక్షరాన్ని పోచ రెండు కొనల్లో 3 ప్రైమ్ అనే కొనకే తగిలించగలదు. కాబట్టి మెలిక విప్పుకుంటూపోయే దిశలో ఒక పోచ ఏకధాటిగా సాగుతుంది. రెండోది మళ్లీమళ్లీ వెనక్కొచ్చి 150–200 అక్షరాల ముక్కలుగా తయారవుతుంది. ప్రతి ముక్కకూ మొదట చిన్న ఆర్ఎన్ఏ తునక కావాలి. ఆ తర్వాత దాన్ని తీసేసి, ఖాళీ పూడ్చి, లైగేజ్ అనే ఎంజైము అతుకు వేస్తుంది. విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి: పాఠాల్లో తరచూ కనిపించే పాలిమరేజ్-3 బ్యాక్టీరియాది. మనలో ఏకధాటి పోచకు పాలిమరేజ్ ఎప్సిలాన్, ముక్కల పోచకు పాలిమరేజ్ డెల్టా.

ప్రశ్న: బి12 తగ్గితే ఎర్ర రక్తకణాలు పెద్దవవుతాయని డాక్టర్ చెప్పారు. తగ్గితే చిన్నవి కావాలి కదా?

జవాబు: ఐరన్ లోపిస్తే చిన్నవవుతాయి, బి12 లోపిస్తే జరిగేది వేరు. డీఎన్ఏలోని 'టి' (థైమిన్) అక్షరం తయారీకి ఫోలేట్ అనే విటమిన్ కావాలి, వాడిన ఫోలేట్ మళ్లీ పనికి రావాలంటే బి12 కావాలి. అది లేక 'టి' నిల్వ తగ్గితే నకలు నెమ్మదిస్తుంది, 'టి' ఉండాల్సిన చోట ఆర్ఎన్ఏ అక్షరమైన 'యు' (యురాసిల్) చేరుతుంది. మరమ్మతు ఎంజైములు దాన్ని కోసేస్తాయి, అక్కడ మళ్లీ 'యు'నే పడుతుంది. అలా డీఎన్ఏ తెగుతుంది. ఈలోగా ప్రోటీన్ల తయారీ ఆగదు కాబట్టి మూలుగలోని కణం విడిపోలేక ఉబ్బుతుంది. రక్తపరీక్షలో ఎమ్‌సీవీ (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) 100 దాటడం దీని గుర్తుల్లో ఒకటి.

బి12 పరీక్ష చేయించుకోకుండా ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్) మాత్రలు మాత్రమే వాడకండి. రక్తం కుదుటపడ్డట్టు కనిపిస్తుంది, నరాల నష్టం మాత్రం లోలోపల ముదురుతూనే ఉంటుంది.