పాత పేటలో చిన్న స్టూడియో కొనొచ్చా? ఆరేళ్లుగా ఉంటున్న నా అనుభవం

నగరం నడిబొడ్డున, వందేళ్లు దాటిన కట్టడాలున్న సందడి పేటలో ఒక స్టూడియో, అంటే వంటా పడకా ఒకే గదిలో ఉండే ఫ్లాట్, చూశామనీ, మిగతా అంతా నచ్చింది గానీ చోటు చాలదేమోనని భయంగా ఉందనీ రాశారు. నేను అలాంటిదే కొని ఆరేళ్లుగా ఒక్కదాన్నే ఉంటున్నానండి. చోటు గురించి పడుతున్న టెన్షన్‌ని గోడల మీదా, రాత్రి చప్పుళ్ల మీదా పెట్టండి. నన్ను ఏడిపించినవి ఆ రెండే.

చోటు విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. వాళ్లు చెప్పే కొలతలో గోడలు కూడా కలిపారేమో అడగండి. పాత ఇళ్ల గోడలు అరమీటరు మందం కూడా ఉంటాయి. బయటి నుంచి 5 మీటర్లకు 8 మీటర్లున్న గది 40 చదరపు మీటర్లు, అదే నాలుగు వైపులా అరమీటరు గోడ తీసేస్తే లోపల మిగిలేది 28. నాది సరిగ్గా అంతే, 300 చదరపు అడుగులు. టేపు పట్టుకెళ్లి మీరే కొలవండి. పైకప్పు ఎత్తుగా ఉంటే అటక వేసుకోవచ్చు, సామానుకి బంగారంలా పనికొస్తుంది, కానీ అక్కడ పడుకోవాలని మాత్రం అనుకోకండి, వేడంతా పైకే చేరుతుంది.

ఇక గోడ సంగతి. నేను చూడ్డానికి వెళ్లిన రోజు నాలుగు గోడల్లో ఒక్కదానికే కొత్తగా రంగు వేసి ఉంది. ముచ్చటగా ఉందనుకున్నాను తప్ప ఈ ఒక్కదానికే ఎందుకు వేశారని అడగలేదు. మొదటి వానాకాలం సగానికొచ్చేసరికి ఆ గోడ మీద తెల్లగా దూదిలాంటి ఉప్పు తేలింది, వేలితో రాస్తే పొడిగా రాలేది, ఆ తర్వాత రంగు ఉబ్బి అరచేతంత పెచ్చులు ఊడి మంచం మీద పడటం మొదలైంది. పాత కట్టడాల్లో పని చేసే మేస్త్రీని పిలిస్తే ఆయన వేలి కణుపుతో గోడంతా తట్టుకుంటూ వెళ్లి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీశారు. సున్నంతో కట్టిన గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ తనంతట తానే వదిలేస్తుంది. దాని మీద ఎవరో సిమెంటు ప్లాస్టరు, దాని పైన ఆయిల్ పెయింటు వేశారు. బయట వాన నీటి గొట్టం పగిలి గోడలోకి నీళ్లు దిగుతున్నాయి, లోపలి వైపు నుంచి ఆరే దారి లేదు, ఆ నీళ్లతో వచ్చిన ఉప్పు ప్లాస్టరు వెనక గడ్డకట్టి దాన్ని ముందుకు తోసేస్తోంది.

సిమెంటు చెక్కేసి మళ్లీ సున్నమే పూయించాను. కానీ తడిసిన గోడ అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని మేస్త్రీల లెక్క, నాది పద్దెనిమిది అంగుళాల గోడ. ఏడాదిన్నర పాటు దానికి ఏదీ ఆనించకూడదన్నారు. పెద్ద ఇల్లయితే ఫర్వాలేదు, ఉన్న నాలుగు గోడల్లో ఒకటి వదిలేయాలంటే బీరువా ఎక్కడ పెట్టాలి, మంచం ఎక్కడ వేయాలి? గది మధ్యలో మంచం వేసుకుని చుట్టూ తిరిగేదాన్ని. పైగా ఆ గొట్టం నా ఒక్కదానిది కాదు, బిల్డింగ్ మొత్తానిది. అసోసియేషన్ నిధిలో డబ్బు లేదు, అందరి దగ్గరా వసూలు చేసి బాగుచేయించేసరికి ఏడు నెలలు పట్టింది. అందుకే మీరు అడ్వాన్స్ ఇచ్చే ముందే గత రెండు మూడేళ్ల అసోసియేషన్ మీటింగ్ మినిట్స్, అంటే అక్కడ ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టిన కాగితాలు, అడిగి చదవండి, నిధిలో ఎంత ఉందో, ఏ రిపేరు వాయిదా పడుతోందో అందులో తెలిసిపోతుంది. వాన పడుతున్నప్పుడు వీధిలో నిలబడి గొట్టాల వైపు చూడండి. లోపల బీరువా జరిపించి వెనక గోడ చూడండి, మొహమాటపడొద్దు.

చప్పుడు గురించి. ఇల్లు చూసేవాళ్లు ఎక్కువగా పగలే వెళ్తారు, నేనూ అంతే. పడకగదిలో ఆగకుండా వచ్చే చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. నా గదిలో కిటికీలు మూసినా ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్ 44 చూపించేది, ఫోన్ లెక్క కచ్చితం కాదు గానీ నిద్ర పట్టకపోవడం మాత్రం నిజం. జనం కబుర్లకి అలవాటు పడ్డాను. తెల్లవారుజామున సీసాలు చెత్తబండిలోకి గుమ్మరించే చప్పుడుకీ, కింది దుకాణం షట్టర్ ఎత్తే చప్పుడుకీ ఈరోజుకీ అలవాటు పడలేదు. మా కట్టడం వారసత్వ జాబితాలో ఉంది కాబట్టి వీధి వైపు కిటికీ మార్చడానికి వీల్లేదన్నారు. దాన్ని అలాగే ఉంచి లోపలి వైపు, పది సెంటీమీటర్లకు పైగా ఎడంతో ఇంకో కిటికీ పెట్టించాను. అంతకంటే ముందు పాత చట్రం సందులన్నీ మూయించాను, ఎందుకంటే కిటికీ విస్తీర్ణంలో నూరో వంతు సందున్నా ఎంత ఖరీదైన అద్దమైనా ఇరవై డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. ఇప్పుడు హాయిగా పడుకుంటున్నాను. అయితే కింద పెద్ద ఫ్రిజ్‌ల మోటార్లుంటే ఆ గుయ్‌మనే మోత గోడల్లోంచి వస్తుంది, దానికి కిటికీ ఏమీ చేయలేదు. కింది దుకాణం లీజు ఎప్పటిదాకా ఉందో, తర్వాత అక్కడ ఏం పెట్టడానికి అనుమతి ఉందో కనుక్కోండి.

మిగతావి త్వరగా చెప్తాను. వైరింగ్ ఎప్పుడు మార్చారో అడగండి, మంచినీళ్లకి పాత సీసం గొట్టాలుంటే మార్పించుకునే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. వంటా పడకా ఒకే గదిలో కాబట్టి పొగని బయటికి పంపే ఫ్యాన్ ఉండాలి, గదిలోనే తిప్పి వదిలేది పనికిరాదు. మరీ చిన్న ఇళ్లకి లోన్ ఇవ్వని బ్యాంకులున్నాయి, అది ముందే తేల్చుకోండి, రేపు మీ దగ్గర కొనేవాళ్లకీ అదే సమస్య వస్తుంది.

ఇంత చెప్పానని వద్దంటున్నానని అనుకోకండి. అరమీటరు గోడ కాబట్టి నా కిటికీ గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు, సాయంత్రం టీ గ్లాసుతో అక్కడ కూర్చుంటే వీధంతా నా ముందుగదే అనిపిస్తుంది. ఆఫీసుకీ, లైబ్రరీకీ, డాక్టరు దగ్గరికీ నడిచే వెళ్తాను. మళ్లీ కొనాల్సి వచ్చినా ఈ పేటలోనే కొంటాను. కాకపోతే ఈసారి ఒక శుక్రవారం రాత్రి ఆ గదిలో పడుకోనివ్వమని ఓనర్‌ని అడుగుతాను. మీరూ అడగండి, కుదరదంటే రాత్రి పదకొండుకి ఒకసారి, తెల్లవారి ఐదుకి ఒకసారి ఆ కిటికీ కింద వీధిలో పావుగంట నిలబడి రండి.